ఏడాది చదువుకు ఏప్రిల్‌లో ఒక్క తీర్పా?

గుంటూరు, విజయవాడల్లో ఏటా వేసవి సెలవుల ముందు కొందరు తల్లిదండ్రులకు బడి నుంచి కబురు వస్తుంది. "మీవాడు తొమ్మిదిలో బాగా వెనకబడ్డాడు, పదికి పంపలేం, టీసీ తీసుకెళ్ళండి." ఫ్లెక్సీ మీద నూరు శాతం ఉత్తీర్ణత కనబడాలంటే, పదిలో గట్టెక్కడనుకున్న పిల్లవాణ్ని ముందే వదిలించుకోవాలి కదా. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకానే అండగా ఉంటుంది. 2019 సవరణ తర్వాత ఐదు, ఎనిమిది తరగతుల్లో కూడా పిల్లల్ని ఆపే వీలు రాష్ట్రాలకు దక్కింది. తొమ్మిదిలో ఆ కాస్త రక్షణ కూడా లేదు.

తుది నిర్ణయంలో బడి రికార్డులకూ చోటుండాలని ఉన్నత పాఠశాల చదువుపై కేంద్రం వేసిన ముదలియార్ కమిషన్ 1952-53లోనే చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి బడే వేసే 20 అంతర్గత మార్కులు పెట్టారు, 2019లో ఎత్తేశారు. ఫలితాలు అమ్ముకునే బడి చేతికే మార్కులిచ్చే కలాన్నీ ఇస్తే ఏమవుతుందో అప్పటికే అందరూ చూశారు. దొంగ మార్కులు పోయాయి, సంతోషమే. కానీ వాటితోపాటు పిల్లల ఏడాది శ్రమకున్న విలువ కూడా పోయింది.

అసలు లోపం మార్కులు కూడే లెక్కలోనే ఉంది. ఏడాది మధ్యలో బడే పెట్టే ఫార్మేటివ్ పరీక్ష 50 మార్కులనుకుందాం: తరగతిలో పాల్గొన్నందుకు 10, రాతపనికి 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టుకు, అంటే చిన్న రాతపరీక్షకు, 20. స్లిప్ టెస్టులో 4 వచ్చిన అమ్మాయికి మిగతా మూడింటిలో తొమ్మిదేసి వేస్తే మొత్తం 31. రిజిస్టరు చూస్తే ఏ బెంగా ఉండదు. నోట్సు తెరవండి. బహుపదుల లెక్కల్లో కుండలీకరణం తీసిన ప్రతిచోటా మైనస్ గుర్తు దగ్గర తప్పుతోంది. వరసగా నాలుగు పేజీల్లో అదే తప్పు, ప్రతి పేజీ కింద ఎర్ర సిరాతో టిక్కు, తేదీ, సంతకం. ఆ అమ్మాయికి కావలసింది పక్కన కూర్చుని ఆ ఒక్క మెలిక విప్పి చెప్పే మనిషి. ఏప్రిల్‌లో "ఫెయిల్" అని చెప్పడం వల్ల ఆమెకు ఒరిగేదేమిటి?

అందుకే ప్రమోషన్‌కు మార్కుల మొత్తం కాకుండా ఈ నోట్సు, ఈ స్లిప్ టెస్టు కాగితాలే ఆధారం కావాలంటాను. వాటిని సొంత బడివాళ్ళు కాకుండా దగ్గరలోని మరో బడి ఉపాధ్యాయులు చూడాలి. దసరా సెలవుల నాటికే ఎవరికి ఏది రావడం లేదో, దానికి ఏం చేశారో రాసిపెట్టని బడికి పిల్లల్ని ఆపే అధికారమే ఉండకూడదు.

గుంటూరు జిల్లాలో ఇంకో చిక్కుంది. మిరప కోతల కాలంలో, సరిగ్గా వార్షిక పరీక్షల ముందు, కూలి కుటుంబాల పిల్లలు వారాల తరబడి బడికి రారు. ఒక్క పరీక్షనే నమ్మితే వాళ్ళు పోతారు. హాజరుకాని పరీక్షలకు సున్నా వేసి సగటు తీసినా పోతారు. నవంబరులో చేయగలిగిన లెక్కను చేయగలిగినట్టే లెక్కించాలి, తప్పిన పాఠాలు జూన్‌లో చెప్పాలి.

ఉపాధ్యాయులకు రికార్డుల భారం ఇప్పటికే మోయలేనంత ఉందన్న మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. దుకాణంలో కొన్న చార్టులకు ప్రాజెక్టు మార్కులు వేయడం, వాటిని ఆన్‌లైన్‌లో ఎక్కించడం ముందు మాన్పించండి. నోట్సు శ్రద్ధగా దిద్దే తీరిక అక్కడే దొరుకుతుంది.