మెడలో వద్దు, ఖాతాలో వెయ్యండి

పోయిన నెల మా అక్క కూతుర్ని చూసుకోవడానికి పెళ్లివారు వచ్చారు. ఒంగోలులో అక్కావాళ్ల ఇల్లు. అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, అబ్బాయి తండ్రి సంఘపెద్ద, అంటే చర్చిలో పెద్ద. ఆయన సంఘపెద్ద అని ఎవరూ మాకు చెప్పలేదు. చెప్పులు విడుస్తూ "ప్రభువు నామంలో వందనాలు" అని ఆయన అన్న తీరుకి వీధి చివర ఇస్త్రీబండి అతను కూడా చేతులు కట్టుకున్నాడు.

కుర్చీల్లో సర్దుకున్నాక మొదటి ప్రశ్న పిల్లకే.

"రక్షణ ఎప్పుడు పొందావమ్మా?"

"చిన్నప్పట్నుంచీ చర్చికి వెళ్తున్నానండి. ఇంటర్‌లో బాప్తిస్మం తీసుకున్నాను."

"అది కాదమ్మా. తేదీ."

పాపాలు ఒప్పుకుని యేసుని నమ్ముకోవడాన్నే మావాళ్లు రక్షణ పొందడం అంటారు. ఆయనకి ఆ తేదీ కావాలి. పిల్ల నా వైపు చూసింది. నేను ఫ్యాన్ వైపు చూశాను. పెద్దాయన జాలిపడి తన తేదీ చెప్పారు. 1994 మే నెల, ఉజ్జీవ కూటాల్లో మూడో రోజు, రాత్రి తొమ్మిదిన్నర. అప్పుడు ఏ పాట పాడుతున్నారో, పక్కన ఎవరు కూర్చున్నారో, కరెంటు ఎన్నిసార్లు పోయిందో కూడా చెప్పారు. మా బావకి పొలం దస్తావేజులు కూడా ఇంత పక్కాగా లేవు.

నాకు ఒకటే సందేహం వచ్చింది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి రక్షణ వచ్చింది, సంతోషం. పది గంటల నుంచి ఏం జరిగింది? ముప్పై ఏళ్లు దాటింది కదా. మా సండేస్కూల్లో రక్షణకి మూడు కాలాలని నేర్పారు: రక్షింపబడ్డాం, రక్షింపబడుతున్నాం, రక్షింపబడతాం. మధ్యదాన్నే పరిశుద్ధపరచబడడం అంటారని, అది రోజూ ఉండే పని అని టీచరుగారు బెత్తం ఊపుతూ చెప్పేవారు. ఫిలిప్పీయులకు రాస్తూ పౌలు కూడా భయంతోనూ వణకుతోనూ మీ సొంత రక్షణను "కొనసాగించుకొనుడి" అన్నాడు. మనవాళ్లలో చాలామందికి మొదటి కాలం తేదీతో సహా ఉంటుంది, మూడో కాలం మీద పాటలు ఉంటాయి. మధ్యకాలం అడిగితే టీ తాగుతారు.

పెద్దాయన కూడా టీ తీసుకున్నారు. చక్కెర లేకుండా.

ఈలోగా పెద్దావిడ పిల్ల చెవుల వైపు చూశారు. చిన్న కమ్మలు. డిగ్రీ పాసయినప్పుడు మా అమ్మ కొనిచ్చినవి. "మా సంఘంలో బంగారం పెట్టుకోరమ్మా" అన్నారావిడ మెత్తగా. మొదటి పేతురు మూడో అధ్యాయం మూడో వచనం అప్పజెప్పారు కూడా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. పిల్ల లోపలికి వెళ్లి కమ్మలు తీసి వచ్చింది. అదే అధ్యాయం ఏడో వచనంలో పేతురు పురుషులతో, భార్యలను సన్మానించండి, లేకపోతే మీ ప్రార్థనలకే అభ్యంతరం అంటాడు. ఆ వచనం ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. పెద్దాయన చేతికి బంగారు రంగు వాచీ ఉంది. వాచీల గురించి పేతురు ఏమీ రాయలేదు, కాబట్టి అందులో తప్పులేదు.

అసలు విషయం అప్పుడు మొదలయింది.

"మేం కట్నం తీసుకోం" అన్నారు పెద్దాయన. మా అక్క కళ్లు తుడుచుకుంది. "కట్నం లోకస్థుల ఆచారం."

"ఆమెన్" అన్నాడు మా బావ.

"అయితే ఆడపిల్లని ఉత్త చేతులతో పంపరు కదా ఎవరైనా. మీరెలాగూ నలభై సవర్లయినా పెట్టాలనుకుంటారు. మాకేమో బంగారం నిషిద్ధం. మీ ఆశ తీరాలి, మా పరిశుద్ధత చెడకూడదు. అందుకని ప్రార్థన చేసుకుంటే ఒక ఆలోచన వచ్చింది. దాని ఖరీదు అబ్బాయి పేరు మీద డిపాజిట్ చేస్తే సరిపోతుంది."

ఆ ఆలోచనలోని లోతు వెంటనే అందలేదు నాకు. మెడలో ఉంటే లోకం, ఖాతాలో ఉంటే ఆశీర్వాదం. చెవికి గ్రాము తగిలితే పరిశుద్ధాత్మ దుఃఖపడతాడు. అదే బ్యాంకులో నలభై సవర్లు, అంటే మూడువందల ఇరవై గ్రాములయితే ఆయనకి అభ్యంతరం లేదు.

పెద్దాయన ఫోను తీసి ఆ రోజు రేటు చూశారు. ఇరవై రెండు క్యారెట్లా, ఇరవై నాలుగా అని మా బావ అడిగాడు. "నగలయితే ఇరవై రెండే చేయిస్తారు" అన్నారు పెద్దాయన, ధర్మంగా. అంతలో పెద్దావిడకి ఒక సంగతి గుర్తొచ్చింది. నగ చేయిస్తే మజూరీ, తరుగు ఉంటాయి కదా? అవి ఎలాగూ పెట్టేవారే కదా? అవి కూడా కలిపితే లెక్క సరిగ్గా ఉంటుంది. బంగారం మీద జీఎస్టీ మూడు శాతం అని అబ్బాయి గుర్తుచేశాడు. ఆ మధ్యాహ్నమంతటిలో అతను మాట్లాడిన మాట అదొక్కటే. ఏ కంసాలీ చేయని నగకి మజూరీ వేశారు. ఎవరూ కరిగించని బంగారానికి తరుగు తీశారు. పుట్టని హారానికి ప్రభుత్వానికి కట్టని పన్ను కట్టించారు. ఇంకాసేపు కూర్చుంటే ఆ నగ పెట్టుకునే పెట్టెకీ, లాకరు అద్దెకీ కూడా వచ్చేవారు. పిల్ల మాత్రం బోసి చెవులతో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పరిశుద్ధంగా కూర్చుని ఉంది.

చివర్లో పెద్దాయన గొంతు తగ్గించి అన్నారు: "అందులో దశమభాగం దేవునికే ఇచ్చేస్తాం."

నాకు సౌలు రాజు గుర్తొచ్చాడు. మొదటి సమూయేలు పదిహేనో అధ్యాయం. అమాలేకీయుల మీదికి యుద్ధానికి పంపుతూ దేవుడు ఏమీ మిగల్చొద్దన్నాడు. (ఆ యుద్ధం సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ మింగుడుపడదు, అది వేరే కథ.) సౌలు బలిసిన గొర్రెల్నీ ఎడ్లనీ మిగుల్చుకుని, తన దగ్గరికి వచ్చిన సమూయేలు ప్రవక్తకి ఆజ్ఞ నెరవేర్చానని చెప్పాడు. అలాగైతే నాకు వినబడుతున్న ఈ గొర్రెల అరుపులు ఎక్కడివయ్యా అన్నాడు సమూయేలు. సౌలు ఏమన్నాడో తెలుసుగా? మంచివి దేవునికి బలి ఇవ్వడానికే ఉంచాం అన్నాడు. మూడు వేల ఏళ్లుగా అదే జవాబు. బలులు అర్పించడంకంటే మాట వినడం శ్రేష్ఠం అని సమూయేలు అక్కడే, ఆ గొర్రెల మధ్యే చెప్పాడు. ఇప్పుడా వచనం ఎక్కువగా వినపడేది పాస్టరుగారి మాట వినని కుర్రాళ్ల కోసం పెట్టిన ఉపవాస ప్రార్థనల్లో.

కృపచేతనే రక్షణ, క్రియలవల్ల కాదు అంటారు. ఎవరు కాదన్నారు? ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం ఎనిమిది, తొమ్మిది వచనాలు మా ఇంటి గోడ మీదా ఉన్నాయి. పదో వచనం కేలండర్లో పట్టలేదు కాబోలు, సత్‌క్రియలు చేయడానికే మనల్ని సృష్టించాడని ఉంటుంది అందులో. పన్నులు వసూలు చేసే జక్కయ్యని యేసు తేదీ అడగలేదు. అతనే లేచి నిలబడి, సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చింది అన్న మాట దాని తర్వాత వచ్చింది. జక్కయ్య ఆ రోజు తరుగు, మజూరీ కలపలేదు.

బయలుదేరే ముందు పెద్దాయన ఇంకో మాట అడిగారు. "మీది ఏ మిషన్?"

తెలియనివాళ్లకి ఇది భక్తి ప్రశ్నలా ఉంటుంది. మన దగ్గర ఏ మిషన్, అంటే ఏ శాఖ చర్చి అని అడిగితే దేవుడి పేరు చెడకుండా కులం తెలిసిపోతుంది. బాప్టిస్టు అంటే ఒక పల్లె, లూథరన్ అంటే ఇంకో పల్లె. అవిశ్వాసులతో జోడుగా ఉండొద్దని పౌలు అంటే, విశ్వాసుల్లో కూడా మనవాళ్లతోనే జోడు కట్టాలని మనం చదువుకున్నాం.

ఒంగోలులో కూర్చుని ఈ ప్రశ్న అడగడానికి నోరెలా వచ్చింది? 1866లో తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాక మాదిగపల్లెల్లోకి వెళ్లిన నియమాలు మూడే. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. తినడానికి వేరే ఏమీ లేనివాడికి ఆ మాంసం మానడం అంటే ఏమిటో, ఆసామి పిలిచినప్పుడు ఆదివారం రాను అనడం అంటే ఏమిటో, జాతరలో డప్పు కొట్టను అనడం అంటే ఏమిటో మనకి తెలుసా? దెబ్బలు తిన్నారు. కూలి పోయింది. విధేయత అంటే వాళ్లకి ఒంటి మీద పడిన వాత. తర్వాత వచ్చిన కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని వాళ్లకి పని ఇచ్చాడు. కానీ బియ్యం కోసం వచ్చారని ఎవరూ అనకూడదని కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో 2222 మంది బాప్తిస్మానికి దిగారు. (మా ముత్తాత కూడా ఉన్నాడని మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ చెబుతారు. అందర్నీ లెక్కేస్తే గుండ్లకమ్మ పొంగేది.) వాళ్ల మనవళ్లకి మనవళ్లం మనం. ఖాళీ కడుపుతో వాళ్లు మానినవాటిని గురించి ప్రతి ఆదివారం ప్రసంగాలు చేస్తాం. నిండు కడుపుతో మనం ఒక్క కట్నం మానలేం.

బొట్టు పెట్టుకుందని ఆడపిల్లకి ప్రభువు బల్ల, అంటే చర్చిలో పంచే రొట్టె, ద్రాక్షరసం ఆపిన సంఘం చూశాను. సినిమాకి వెళ్లాడని కుర్రాణ్ణి ముందుకి పిలిచి నిలబెట్టిన సంఘం చూశాను. కట్నం తీసుకున్నాడని ఒక్క పెద్దమనిషికి, ఒక్క ఆదివారం, ఒక్క రొట్టెముక్క ఆపిన సంఘం నేను చూడలేదు. 1961 నుంచి ఈ దేశంలో కట్నం ఇచ్చినా తీసుకున్నా నేరమే. పై అధికారులకు లోబడి ఉండమని రోమా పత్రిక ఎత్తి పిల్లల్ని బెదిరించేవాళ్లకి ఆ చట్టం కనపడదు. పైగా ఆ డబ్బులోంచి పదో వంతు దేవుడి సంచిలో వేస్తారట. దేవుణ్ణి వాటాదారుని చేస్తారట. సిగ్గుండాలి.

ఇదంతా నేను ఆ రోజు పైకి అన్నానా? లేదు. "సరేనండి, ప్రార్థనలో పెడదాం" అన్నాను. అందరిలాగే.

మొన్న బుధవారం ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మా బావ స్పీకర్ పెట్టాడు. "మూడు రోజులు కనిపెట్టి ప్రార్థించామండి. మీ పరిస్థితి ప్రభువు మా హృదయంలో పెట్టాడు. ముప్పై అయిదు."

మా అక్క స్తోత్రం అంది. మా బావ పాత కేలండరు కాగితం తిప్పి, వెనక వైపు గుణించడం మొదలుపెట్టాడు. పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. చెవులకి మళ్లీ ఆ కమ్మలు ఉన్నాయి.

"మావయ్యా" అంది నాతో, "తరుగు కూడా అందులోనేనా, విడిగానా అడుగు."