చెంపలేసుకున్న పంక్ కుర్రాళ్లు

అమెరికా ర్యాప్ బ్యాండ్ బీస్టీ బాయ్స్ పేరెత్తితే అందరూ చెప్పే రికార్డు ఒకటుంది. బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి చేరిన తొలి ర్యాప్ ఆల్బమ్ వాళ్లదే, 1987 మార్చిలో. నిజమే. కానీ ఆ బ్యాండ్ మూడు దశాబ్దాల ప్రయాణంలో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించేది అది కాదు. ఏడేళ్ల తర్వాత, 1994లో, 'ష్యూర్ షాట్' పాటలో ఆ బ్యాండ్‌లోని ఆడమ్ యౌక్ పాడిన నాలుగు పాదాలు. ఈ మాట ఎప్పుడో చెప్పాల్సిందంటూ మొదలుపెట్టి, ఆడవాళ్లను కించపరచడం ఇక చాలంటాడు. తల్లులకు, అక్కచెల్లెళ్లకు, భార్యలకు, స్నేహితురాళ్లకు తన ప్రేమ, గౌరవం చివరిదాకా ఉంటాయంటాడు. ఏ ర్యాప్‌లో నోరు పారేసుకున్నారో అదే ర్యాప్‌లో, అంతే జోరుగా, డ్యాన్సు చేయించే పాటలోనే చెంపలేసుకున్నారు. ప్రెస్ మీట్ పెట్టలేదు, మేనేజర్ చేత ప్రకటన ఇప్పించలేదు. ఈ బ్యాండ్ చేసిన అన్ని పనుల్లోకీ ఇదే గొప్పదని నా వాదన.

వీళ్లు పుట్టుకతో ర్యాపర్లు కారు. 1981లో న్యూయార్క్‌లో టీనేజీ పిల్లలు నలుగురు కలిసి పెట్టుకున్న హార్డ్‌కోర్ పంక్ (మోటుగా, మహా వేగంగా వాయించే రాక్) బ్యాండ్ ఇది. పాడేది మైక్ డైమండ్, గిటార్ జాన్ బెర్రీ, బేస్ యౌక్, డ్రమ్స్ కేట్ షెలెన్‌బాక్ అనే అమ్మాయి. మొదటి కచేరీ యౌక్ పదిహేడో పుట్టినరోజున, స్నేహితుల మధ్య. మరుసటి ఏడు 'పాలీ వాగ్ స్ట్యూ' అని ఎనిమిది పాటల చిన్న రికార్డు వచ్చింది. శ్రుతి సంగతి తర్వాత, ముందు వేగం. ఆ తర్వాత బెర్రీ వెళ్లిపోయి ఆడమ్ హోరోవిట్జ్ వచ్చాడు. ఒక ఐస్‌క్రీం కంపెనీకి అల్లరిగా ఫోన్ చేసి, ఆ సంభాషణను రికార్డు చేసి, దాన్నే పాటగా మలిచారు. ఆ 'కుకీ పుస్' న్యూయార్క్ క్లబ్బుల్లో మోగడంతో ర్యాప్ వైపు తొలి అడుగు పడింది.

అప్పుడు కలిశాడు రిక్ రూబిన్. న్యూయార్క్ యూనివర్సిటీ హాస్టల్ గదిలోంచి డెఫ్ జామ్ రికార్డ్స్ నడుపుతున్న కుర్రాడు. అతని లెక్కలో ర్యాప్ గ్రూపంటే ముగ్గురు మగపిల్లలు. ఒకే రకం ట్రాక్ సూట్లు వచ్చాయి, ముగ్గురబ్బాయిలకూ. నాలుగో సూట్ రాలేదు. కేట్‌ను ఎవరూ ఎదురుగా కూర్చోబెట్టి 'నువ్వు వద్దు' అనలేదు. ఆ బట్టలే చెప్పాయి. డ్రమ్స్ వాయించే పిల్ల బ్యాండ్‌లోంచి అలా జారిపోయింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

1985లో మడోనా తొలి పర్యటనలో ఆమె కన్నా ముందు వేదికెక్కి, ఆమె అభిమానుల చేత ఛీ కొట్టించుకున్నారు. 1986 నవంబర్‌లో 'లైసెన్స్డ్ టు ఇల్' వచ్చింది. అమెరికాలో అది కోటి కాపీల డైమండ్ రికార్డు ఇప్పుడు. అందులోని 'ఫైట్ ఫర్ యువర్ రైట్' తాగి తందనాలాడే కుర్రకారును ఎగతాళి చేద్దామని రాసింది. తాగి తందనాలాడే కుర్రకారే దాన్ని నెత్తిన పెట్టుకుంది. ఇక ఆ వేషం ఒంటికి అంటుకుపోయింది. 1987 పర్యటనలో వేదిక మీద బోనుల్లో అమ్మాయిల డ్యాన్సు, పైకి లేచే భారీ పురుషాంగం బొమ్మ, గుమ్మరించే బీరు. మైక్ డైమండ్ మెడలో గొలుసుకు ఫోక్స్‌వ్యాగన్ కారు బిళ్ల వేలాడేది. ఆ మోజులో ఊళ్లలో ఆగి ఉన్న కార్ల బిళ్లలు మాయమయ్యాయి. లివర్‌పూల్‌లో కచేరీ మొదలైన కాసేపటికే గొడవై ఆగిపోయింది, హోరోవిట్జ్‌ను అరెస్టు చేశారు. కోర్టు తర్వాత అతన్ని నిర్దోషి అంది. వేళాకోళానికి కట్టిన వేషం మనిషిని ఎంతలా మింగేస్తుందో ఆ ఏడాది చూస్తే తెలుస్తుంది.

రాయల్టీల దగ్గర డెఫ్ జామ్‌తో చెడింది. లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయి డస్ట్ బ్రదర్స్ అనే నిర్మాతలతో కలిసి 1989లో 'పాల్స్ బొటీక్' చేశారు. వందకు పైగా పాత పాటల ముక్కలను కోసి కుట్టిన బొంత అది. అప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదు, ఇప్పుడు క్లాసిక్ అంటున్నారు. ఇలా పాత పాటల ముక్కలు వాడుకోవడం మీద, అంటే శాంప్లింగ్ మీద, 1991లో అమెరికా కోర్టు కన్నెర్ర చేశాక అలాంటి ఆల్బమ్ మళ్లీ చేయడం అయ్యే పని కాదు. సంగీత విమర్శకులు మామూలుగా ఇక్కడే డేరా వేస్తారు. నాకు మాత్రం అసలు కథ దీని తర్వాతే మొదలవుతుంది.

1992 నాటి 'చెక్ యువర్ హెడ్' కోసం ఈ ముగ్గురూ మళ్లీ వాయిద్యాలు పట్టుకున్నారు. డైమండ్ డ్రమ్స్ మీద, యౌక్ బేస్ మీద, హోరోవిట్జ్ గిటార్ మీద. కోటీశ్వరులైన ర్యాపర్లు తమకు సగం వచ్చిన విద్యతో స్టూడియోలో తప్పులు వాయిస్తూ కూర్చోవడమంటే పరువు పక్కన పెట్టడమే. పంక్ అంటే చాలామంది చిరిగిన చొక్కా, పిన్నీసు, బూతు అనుకుంటారు. అది పైపై వేషం. రాకపోయినా పదిమంది ముందు మొదలుపెట్టడం, తప్పు పోయినా దాచుకోకపోవడం పంక్ అసలు సారం. చేతులు తిరిగిన విద్వాంసుడికి తప్పు పోతే తలవంపులు. పంక్ కుర్రాడికి తప్పు రోజూ తినే తిండి. అందుకే పదిహేడేళ్లప్పుడు నలుగురి ముందు శ్రుతి తప్పడానికి భయపడని వాళ్లు ముప్పై ఏళ్లప్పుడు 'మేం తప్పు చేశాం' అనడానికి భయపడలేదు. రెండూ ఒకే కండరం. ఇంకా అనుమానముంటే 1995లో వచ్చిన 'అల్యో ఏ ఓల్యో' వినండి. ఎనిమిది హార్డ్‌కోర్ పాటలు, అంతా కలిపి పదకొండు నిమిషాలు. ఏడాది కిందటే నంబర్ వన్ ఆల్బమ్ ఇచ్చిన వాళ్లు వెనక్కి వెళ్లి అదే గరాజు చప్పుడు చేశారు.

యౌక్ మార్పుకు మరో దారి కూడా ఉంది. తొంభైల మొదట్లో నేపాల్‌లో తిరుగుతూ టిబెట్ శరణార్థులను కలిశాడు. 1994 నాటి 'ఇల్ కమ్యూనికేషన్'లో టిబెటన్ భిక్షువుల జపాన్ని శాంపిల్ చేసి 'బోధిసత్వ వౌ' అనే పాట కట్టాడు. ఆ జపానికి రావలసిన డబ్బు ఆ జనానికే చేరాలనుకోవడంలోంచి మిలరేపా ఫండ్ పుట్టింది. 1996లో శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో రెండు రోజుల టిబెటన్ ఫ్రీడమ్ కన్సర్ట్‌కు లక్ష మంది వచ్చారు. 1998 సెప్టెంబర్‌లో ఎంటీవీ అవార్డు అందుకుంటూ యౌక్ సూడాన్, అఫ్గానిస్తాన్‌ల మీద అమెరికా బాంబుల గురించి మాట్లాడాడు, ముస్లింలనూ అరబ్బులనూ అమెరికా చూసే చూపులోని జాతి ద్వేషాన్ని తప్పుబట్టాడు. జంట టవర్లు కూలడానికి మూడేళ్ల ముందు మాట అది. మరుసటి ఏడు అదే అవార్డుల వేదిక మీద హోరోవిట్జ్, వుడ్‌స్టాక్ 99 సంగీతోత్సవంలో ఆడవాళ్ల మీద జరిగిన అత్యాచారాలను ఎత్తి, కచేరీల్లో వాళ్ల భద్రత మన బాధ్యత అని తోటి కళాకారులకే చెప్పాడు. ఆ 1999లోనే 'టైమ్ అవుట్ న్యూయార్క్' పత్రికకు ఉత్తరం రాశాడు. తమ మొదటి ఆల్బమ్‌లో స్వలింగ సంపర్కుల గురించి అన్న మాటలకు ఆ సమాజం మొత్తానికీ క్షమాపణ చెబుతూ, దీనికి సాకులేమీ లేవని అందులో ఒప్పుకున్నాడు.

కోటి కాపీలు అమ్ముకున్నాక చెంపలేసుకోవడం సులువే అనేవాళ్లున్నారు. నల్లజాతి వీధుల్లో పుట్టిన సంగీతంతో తెల్ల కుర్రాళ్లు ముందు చార్టెక్కారన్న మాటా ఉంది. ఆ రెండో మాట అబద్ధం కాదు, ఎంత క్షమాపణ చెప్పినా అది చెరగదు. మొదటి మాటకు నా దగ్గర జవాబుంది. 1998లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో జరిగిన సంగీతోత్సవంలో ప్రాడిజీ బ్యాండ్‌ను, ఆడవాళ్లను కొట్టడం గురించి వినిపించే ఆ పాటను ఈసారికి వదిలేయమని వీళ్లు కోరారు. ప్రాడిజీ ఒప్పుకోలేదు, వేదిక మీదే ఆ సంగతి చెప్పి మరీ వాయించింది. సొంత పాత పాటలు మర్చిపోయారా అని ఇంగ్లండ్‌లో బీస్టీ బాయ్స్‌ను దెప్పిపొడిచారు. దెప్పుతారని వాళ్లకు తెలుసు. పాత పాపం తమదేనని ఊరందరికీ తెలిసుండీ ఇంకొకరిని అడగడానికి వెళ్లడం సులువైన పనెలా అవుతుంది?

ఇదంతా తెలుగు పాఠకులకు ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర ఈ విద్య పూర్తిగా కరువైంది కాబట్టి. సినిమా ఫంక్షన్‌లో ఒకాయన తోటి నటి గురించి వెకిలి మాటంటాడు. హాలంతా నవ్వుతుంది. రెండు రోజులు సోషల్ మీడియాలో రచ్చ. మూడో రోజు వీడియో వస్తుంది: 'నా మాటలను వక్రీకరించారు. ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించండి.' ఆ 'ఉంటే' అనే రెండక్షరాలను చూడండి. నేరం తాను చేసినదని అందులో లేదు, దెబ్బతిన్నవాళ్లు ఉన్నారో లేరో కూడా అనుమానమే. ఇంకో మాట ఉంది మనకు, 'నోరు జారింది' అని. అన్నది మనిషి కాదు, నోరట. పాట రాసినాయన సందర్భం అడిగింది రాశానంటాడు, పాడినాయన రాసిచ్చింది పాడానంటాడు, తీసినాయన జనం చూస్తున్నారు తీశానంటాడు. ఇంతమంది చేతుల మీదుగా వచ్చిన మాటకు చివరికి యజమానే ఉండడు.

యౌక్ పాట కట్టిన ఆ బోధిసత్వ మార్గం గురించి ఎనిమిదో శతాబ్దంలో శాంతిదేవుడు 'బోధిచర్యావతారం' రాశాడు. అందులో రెండో అధ్యాయం పేరు పాపదేశన. దేశన అంటే బయటపెట్టి చెప్పడం. పశువులాంటి నేను చేసిన పాపం, చేయించిన పాపం, చేస్తుంటే మెచ్చుకున్న పాపం అని వరసగా ఒప్పుకుంటాడు. ఎక్కడా 'ఉంటే' లేదు. మూడోది చూశారా, మెచ్చుకోవడం? ఆ హాల్లో నవ్విన వాళ్ల వాటా కూడా ఆయన లెక్క తప్పలేదు. ఈ సంప్రదాయం మనకు పరాయిదేం కాదు. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చింది మన అమరావతిలోనే. బ్రూక్లిన్ పిల్లాడు పట్టుకున్న కొసను మనం కృష్ణ ఒడ్డున కూర్చుని వదిలేశామని నాకు బాధ.

ఇప్పుడు ఫోన్‌లో బీటు పెట్టుకుని గదిలోంచి పాటలు వదులుతున్న తెలుగు ర్యాప్ కుర్రాళ్లను చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. ఆ తెగువ అచ్చం పంకే. వాళ్లు ఈ బ్యాండ్ నుంచి బిగువూ బీటూ తీసుకుంటే సరిపోదు, 1994 నాటి ఆ నాలుగు పాదాలు కూడా తీసుకోవాలి.

యౌక్ 2009లో లాలాజల గ్రంథి క్యాన్సర్ బారిన పడి, 2012 మే 4న, 47 ఏళ్లకే పోయాడు. తన సంగీతాన్ని ప్రకటనలకు వాడకూడదని వీలునామాలో రాసి వెళ్లాడు. మిగిలిన ఇద్దరూ ఆ పేరుతో మళ్లీ రికార్డు చేయలేదు.

కేట్ దగ్గరికి వస్తానన్నాను. 'ష్యూర్ షాట్' కన్నా రెండేళ్లు ముందే, బీస్టీ బాయ్స్ గ్రాండ్ రాయల్ అని సొంత రికార్డు కంపెనీ పెట్టారు. దానిలో మొట్టమొదట విడుదలైంది వాళ్ల రికార్డు కాదు. లషస్ జాక్సన్ అనే అమ్మాయిల బ్యాండ్‌ది. ఆ బ్యాండ్‌కు డ్రమ్స్ వాయించింది కేట్ షెలెన్‌బాక్. అయినా లెక్క సరిపోయిందని వాళ్లు అనుకోలేదు. 2018లో హోరోవిట్జ్, డైమండ్ కలిసి తమ కథను పుస్తకంగా రాసినప్పుడు, ఆమెను వదిలేసిన తీరు తప్పని హోరోవిట్జ్ అచ్చులో ఒప్పుకున్నాడు. అదే పుస్తకంలో కొన్ని పేజీలు ఆమె చేతికిచ్చారు. ఆ రోజుల గురించి కేట్ తన మాటల్లో తనే రాసింది.