ఓడరేవు పాఠం చెప్పాలంటే ముందు టీచర్లు పడవెక్కాలి

ఓడరేవున్న ఊళ్లో చదివే పిల్లలకి కూడా సముద్ర చరిత్ర అంటే వాస్కోడిగామా, 1498, కాలికట్, అంతే. పుస్తకంలో ఉన్నది ఆ ముక్కే కాబట్టి టీచర్లూ అదే చెప్తారు. వాళ్లని అని లాభం లేదు, రేవు కళ్లబడితే కదా! 1956లో అమెరికాలో కంటైనర్లలో, అంటే పెద్ద ఇనుప పెట్టెల్లో సరుకు రవాణా మొదలయ్యాక ఓడలు పెరిగాయి, వాటికి లోతైన నీళ్లు, పెట్టెలు పేర్చడానికి బోలెడంత జాగా కావాల్సొచ్చింది, దాంతో చాలా రేవులు పాత ఊరిని వదిలి దూరం జరిగాయి. ఇప్పుడు గట్టు మీద నిలబడితే ప్రహరీగోడ, దాని పైన క్రేన్ల తలలు, ఇంకేం లేదు.

అందుకే టీచర్లకి పడవ ప్రయాణాలు పెట్టాలంటున్నా. పిల్లల్ని తిప్పినా మంచిదే, కానీ అది ఆ బ్యాచ్‌తో సరి. టీచరైతే రిటైరయ్యేదాకా చెప్తారు.

కాకపోతే మైకులో ‘కుడివైపు లైట్‌హౌస్’ అనగానే అందరూ సెల్ఫీలు తీసుకునే రకం ట్రిప్పు దండగ. చేతికి పని ఉండాలి. పాతకాలం నావికులు సీసపు గుండు అడుగున ఉన్న గుంటలో కొవ్వు పూసి, తాడుతో నీళ్లలోకి వదిలేవాళ్లు. తాడు ఎన్ని బారలు దిగిందన్నదాన్ని బట్టి లోతు తెలిసేది, కొవ్వుకి అంటుకొచ్చింది ఇసుకా, బురదా, గవ్వ ముక్కలా అని చూసి ఓడ ఎక్కడుందో అంచనా వేసేవాళ్లు. ఆ తాడునే ఒకసారి ఒడ్డు దగ్గర, ఇంకోసారి పూడిక తీసిన కాలువలో వేయించండి, డ్రెడ్జింగ్ ఆగిపోతే ఊరి గతేంటో లెక్చర్ లేకుండానే అర్థమవుతుంది. విశాఖలో 1933లో రేవు మొదలవడానికి ముందు, డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర అలల్ని ఆపడానికి జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడల్ని కావాలనే ముంచేశారు. ఓడల్ని రప్పించడానికి ఓడల్నే ముంచడం! ఇలాంటిది ఆ నీళ్ల మీదే వింటే మర్చిపోతామా?

అసలు గొడవ చరిత్ర ఎవరిదన్న దగ్గరే. అమెరికాలోని బోస్టన్ హార్బర్ అనగానే 1773లో బ్రిటిష్ పన్నుకి ఎదురుతిరిగి టీ పెట్టెల్ని నీళ్లలో పారేసిన కథ చెప్తారు. అదే హార్బర్‌లో డీర్ ఐలాండ్ దగ్గర పేద్ద గుడ్లలాంటి ట్యాంకులు కనిపిస్తాయి, మురుగునీటి శుద్ధి కేంద్రం అది. 1675లో ఇంగ్లిష్ వలసవాళ్లు యుద్ధం పేరుతో అక్కడి మూలవాసుల్ని తెచ్చి ఆ దీవిలో పడేస్తే, చలికీ ఆకలికీ చాలామంది చచ్చిపోయారు. లండన్‌లో 1802లో తెరిచిన వెస్టిండియా డాక్స్ గోదాముల్లో నిండిన పంచదార బానిసలు పండించిన చెరకుది. గైడు వాస్తుశిల్పం గురించి మాట్లాడి ఊరుకుంటే టీచర్లు అంతే మోసుకెళ్తారు.

కాబట్టి మైకు గైడుకి కాదు, ఓడల్ని లోపలికి తెచ్చే పైలట్‌కో, సరంగుకో, రేవులో మూటలు మోసి రిటైరైన కూలీకో ఇవ్వాలి. వాళ్లు చెప్పేది పోర్టు బ్రోచర్‌తో కలవకపోవచ్చు, కలవనిచోటే టీచర్లు నోట్సు రాసుకోవాలి. ఇంకో మాట, దీన్ని ఆదివారం పెట్టి ‘మీ ఇష్టం, వస్తే రండి’ అనకండి. డ్యూటీ కింద లెక్కేసి పని రోజునే పెట్టండి.