సవరణ: క్యాథలిక్ బడుల్లో పిల్లలు తగ్గడం గురించి

అమెరికా క్యాథలిక్ బడుల మీద నేను ఇంతకుముందు రాసిన పోస్టులో "ఫీజులు పెరిగాయి, పిల్లలు తగ్గారు" అన్న ముక్కకు కొంత వివరణ. ఫీజులు ఊరికే పెరగలేదు. 1960ల తొలినాళ్లలో 50 లక్షలకు పైగా పిల్లలున్నప్పుడు పాఠాలు చెప్పినవాళ్లలో ఎక్కువమంది సిస్టర్లే (క్రైస్తవ సన్యాసినులు). వాళ్లకిచ్చేది నామమాత్రపు భత్యం. వాళ్లు తగ్గిపోయాక బయటి టీచర్లకు జీతాలివ్వాల్సి వచ్చింది, ఆ బరువు తల్లిదండ్రుల మీద పడింది.

"ప్రిన్సిపాల్ చేతకానితనం" వల్ల పిల్లలు తగ్గారన్న మాట తీసేశాను. పారిష్ బడిలో, అంటే స్థానిక చర్చి నడిపే బడిలో, ప్రిన్సిపాల్ పైన ఆ చర్చి ఫాదర్ ఉంటారు. డబ్బు విషయంలో ఆఖరి మాట సాధారణంగా ఆయనదే. చుట్టుపక్కల కుటుంబాలు శివార్లకు తరలిపోతే మాత్రం ఇద్దరూ చేయగలిగింది తక్కువే.

"ఏటా తగ్గుదలే" అన్నదీ సరికాదు. 2020-21లో 6 శాతానికి పైగా పడిపోయిన పిల్లల సంఖ్య మరుసటి ఏడాది 3.8 శాతం పెరిగింది.