కులం ఊసెత్తకపోతే కులం పోతుందా?

వాట్సాప్‌లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. బంధువుల గ్రూపులో, పాత క్లాస్‌మేట్ల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఎక్కడ చూసినా అదే. "కులం ఎప్పుడో పోయింది, రిజర్వేషన్లే దాన్ని బతికిస్తున్నాయి, ఫారాల్లో కులం గడి తీసేస్తే దేశం బాగుపడుతుంది" అన్నది దాని సారం. కింద ఆరు పాయింట్లు. పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లు కూడా "అందరికీ పంపండి" అంటుంటే ఇక ఊరుకోలేం.

మొదటి పాయింటు: "అంబేడ్కర్ రిజర్వేషన్లు పదేళ్లే అన్నారు." ఆ పదేళ్ల గడువు 334వ అధికరణంలోది. లోక్‌సభ, శాసనసభ సీట్లకు సంబంధించింది. చదువుల రిజర్వేషన్లకు ఆధారం 15(4), ఉద్యోగాలకు 16(4). ఆ రెండింటిలోనూ గడువు లేదు. రాజ్యాంగం ఎవరికైనా దొరుకుతుంది, తెరిచి చూసుకోండి.

"అమెరికా, జపాన్ రిజర్వేషన్లు లేకుండానే ఎదిగాయి." జపాన్ తన అంటరానివాళ్లయిన బురాకుమిన్‌ల పేటల కోసం 1969లో ప్రత్యేక చట్టం చేసి, 2002 దాకా ఇళ్లకీ రోడ్లకీ చదువులకీ డబ్బు పెట్టింది. అమెరికా కాలేజీలు సీట్లిచ్చేటప్పుడు జాతిని లెక్కలోకి తీసుకోవడం 2023లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా నడిచింది. అదే ఏడాది సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించాల్సి వచ్చింది. అక్కడ మన రిజర్వేషన్లూ లేవు, కులం గడీ లేదు. మరి కులం ఎలా చేరింది? మన వెంటే వెళ్లింది.

"నగరాల్లో ఇప్పుడు కులం ఎవరడుగుతున్నారు?" నేరుగా అడగరు. ఇంటిపేరు అడుగుతారు, ఏ ఊరని అడుగుతారు, "మీరు వెజ్జేనా" అని అడుగుతారు. అప్పటికీ తేలకపోతే "ఇంతకీ మీవాళ్లెవరు" అంటారు. 2005 అక్టోబరు నుంచి ఏడాదికి పైగా పరిశోధకులు సుఖదేవ్ థోరాట్, పాల్ అటవెల్ ఒక పరీక్ష నడిపారు. పత్రికల్లో ప్రైవేటు కంపెనీలు ఇచ్చిన ప్రకటనలకు, డిగ్రీ చదివిన కొత్తవాళ్ల పేరుతో 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం, తేడా పేరులోనే. ఒకటి పై కులాన్ని సూచించే పేరు, ఒకటి దళిత పేరు, ఒకటి ముస్లిం పేరు. పై కులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడో వంతు. ఆ కంపెనీల్లో రిజర్వేషన్లు లేవన్నది గుర్తుంచుకోండి. అద్దె ఇళ్లలో లేవు, పెళ్లి సంబంధాల్లో లేవు. రిజర్వేషన్లే కులాన్ని బతికిస్తున్నాయంటే, అవి లేని ఈ మూడు చోట్లా కులం ఎప్పుడో చచ్చిపోయి ఉండాలి కదా! 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేలో తమ ఇంట్లో ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తామని స్వయంగా ఒప్పుకున్న కుటుంబాలే 27 శాతం. ఒప్పుకోనివాళ్లు ఆ లెక్కలో లేరు.

ఇక నాలుగోది. ఆ మెసేజ్‌లో నిజంగా విషం నింపిన పాయింటు ఇదే: "రిజర్వేషన్ డాక్టరు చేతిలో మీ ప్రాణం పెడతారా? వాళ్లకు ప్రతిభ ఉంటే పోటీ పడేవాళ్లు."

ముందు డాక్టరు సంగతి. మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్‌లో అర్హత జనరల్‌కు 50వ పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40వ పర్సంటైల్. ఆ తేడా గేటు దగ్గరే. లోపలికి వెళ్లాక ఎంబీబీఎస్ పాస్ మార్కు అందరికీ ఒకటే. మన రెండు రాష్ట్రాల ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో ఎక్కువ ఫీజు కట్టే బి కేటగిరీ సీట్లు 35 శాతం, ఎన్నారైల సి కేటగిరీ 15 శాతం. నీట్ అర్హత ఉండి డబ్బుంటే, బాగా వెనక ర్యాంకు వచ్చినా అక్కడ సీటు దొరకొచ్చు. ఆపరేషన్‌కు ముందు "డాక్టరుగారూ, మీది సి కేటగిరీయా" అని ఎవరైనా అడిగారా? మనవాడు తప్పు చేస్తే వాడొక్కడి తప్పు, అవతలివాడు చేస్తే వాడి కులమంతటి తప్పు. పక్షపాతం పనిచేసేది సరిగ్గా ఇలాగే. ఆర్థికవేత్తలు అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్‌కోఫ్ 1980 నుంచి 2002 దాకా రైల్వే లెక్కలు తీసి చూశారు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా పెరిగినచోట ఉత్పాదకత తగ్గిన దాఖలా ఒక్కటీ దొరకలేదు.

తరవాత ప్రతిభ. ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల మీద చేసిన ప్రయోగం ఇది. పై కులాలవాళ్లు 321 మంది, కింది కులాలవాళ్లు 321 మంది. కాగితం మీద గీసిన చిక్కుదారిలోంచి బయటికి దారి కనుక్కోవాలి. ఒక్కో విడత 15 నిమిషాలు, విడిపించిన ఒక్కోదానికి రూపాయి. ఎవరిదే కులమో బయటపెట్టనప్పుడు రెండు గుంపులూ సమానంగా చేశాయి. మరో ఏర్పాటులో ఆట మొదలయ్యే ముందు ప్రతి పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరు, కులం పైకి చదివారు. కింది కులాల పిల్లలు విడిపించినవి ఐదో వంతుకు అటూ ఇటూగా పడిపోయాయి. పిల్లలు ఒకే రకం, కాగితాలు అవే, గడియారం అదే.

దీన్ని చూపించి "చూశారా, కులం ప్రస్తావన తెస్తేనే నష్టం, అందుకే గడి తీసేయమంటున్నాం" అనేవాళ్లూ ఉన్నారు. ప్రయోగం సగమే చదివితే అలాగే ఉంటుంది. రెండో సగంలో, డబ్బు ఎవరికి దక్కాలో లాటరీ తీసే పద్ధతి పెట్టారు. అప్పుడు కులం చదివినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే పిల్లవాణ్ణి కుంగదీసింది కులం అన్న మాట కాదు. మనిషి చేతిలో తీర్పు ఉంటే, నా కులం తెలిశాక ఆ మనిషి నాకు న్యాయం చేయడు అన్న లెక్క. అంత చిన్న వయసులోనే ఆ లెక్క ఎక్కడ నేర్చుకున్నాడు? బడిలో, బావి దగ్గర, టీకొట్టు దగ్గర విడిగా పెట్టిన గ్లాసు దగ్గర. వాడికి ప్రతిభ లేదని మెసేజ్ పంపే ప్రతి ఒక్కరూ ఆ లెక్క తప్పు కాదని వాడికి రుజువు చేస్తున్నారు. మీ గ్రూపులో ఆ కులాలవాళ్లూ ఉన్నారు. చదువుతున్నారు. మాట్లాడటం లేదంతే.

గడి తీసేయమనేవాళ్ల వాదనలో ఒప్పుకోవాల్సిన ముక్క కూడా ఉంది. దిద్దేవాడికి, రాసినవాడు ఎవరో తెలియకూడదు. జవాబు పత్రాల మీద పేరు తీసి బార్‌కోడ్ వేయడం మంచి పనే. క్లాసులో నిలబెట్టి స్కాలర్‌షిప్ పేర్లు పిలవడం, ఫలితాల కాగితంలో ర్యాంకు పక్కన కేటగిరీ వేసి గోడకు అంటించడం ఈ రోజే ఆపేయాలి. కానీ ఇంటర్వ్యూలో ఎదురుగా మనిషి కూర్చుంటాడు, ఇంటిపేరు కూర్చుంటుంది. అక్కడ గడి తీసేస్తే కులం దాగదు, జరిగిన అన్యాయానికి లెక్క మాత్రం మాయమవుతుంది.

ఐదో పాయింటు: "లాభమంతా కొద్దిమందికే పోతోంది." ఇది నిజం. మెసేజ్ రాసినవాళ్ల కంటే చాలా ముందు, 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా చెప్పిన మాట ఇది. ఎస్సీ వాటాను ఉపకులాల మధ్య పంచే వర్గీకరణను 2004లో సుప్రీంకోర్టు కాదంది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం అది చెల్లుతుందంది. తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి 59 ఎస్సీ కులాలను మూడు గుంపులు చేసి, 15 శాతాన్ని 1, 9, 5గా పంచింది. ముప్పయ్యేళ్లు పట్టింది. అంతకాలం వాటా దక్కని ఆ కులాలు నష్టపోయాయి, దాన్ని కప్పిపుచ్చాల్సిన పనిలేదు.

అయితే ఏ కులానికి ఎంత దక్కిందో, ఎవరికి ఏమీ దక్కలేదో ఎలా తెలిసింది? ఆ గడి ఉండబట్టే. ఎన్ని ఉద్యోగాలు, ఎన్ని సీట్లు ఏ ఉపకులానికి వెళ్లాయో కాగితం మీద ఉండబట్టే కోర్టులో వాదన నిలబడింది. ఐదో పాయింటులో ఆ లెక్క చూపించి, ఆరో పాయింటులో ఆ గడే తీసేయమంటున్నారు. తీసేశాక వాటా దక్కని ఆ కులాలవాళ్లు తమకు ఏమీ రాలేదని ఏ కాగితం చూపించి అడగాలి?