సామాను సర్దడమంటే కుక్కడం కాదు
డబ్బు తీసుకుని సామాను సర్దడానికి వచ్చేవారికి ఏ వస్తువు ఎలా పెట్టాలో తెలియనక్కర లేదా? కర్నూలు నుంచి కడపకు ఇల్లు మారాము. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా 40వ నంబరు జాతీయ రహదారి. లారీ అంత దూరం కుదుపుతుందని వాళ్లకు తెలియదా? అయినా పిల్లల పుస్తకాలన్నీ ఒకే పెద్ద అట్టపెట్టెలో కుక్కారు. ఎత్తగానే అడుగు ఊడిపోయింది! బరువైనవి చిన్న పెట్టెల్లో, దుప్పట్లు, దిండ్లు పెద్దవాటిలో పెట్టాలి. చెబితే "మాకు అలవాటేనమ్మా" అంటారు. ఏమి అలవాటు? పింగాణీ పళ్లేలను ఒకదానిపై ఒకటి పేర్చడమా? కాగితం చుట్టి, అంచు మీద నిలబెట్టి, సందుల్లో పాత చీరలు దూర్చాలి. పెద్ద గిన్నెలన్నీ ఖాళీగానే కట్టారు. వాటిలో పప్పుల డబ్బాలు పట్టవా? ఆ ఖాళీని మోసి, చోటు చాలలేదని రెండో బండి అడిగారు. ఆ డబ్బు ఎవరిది?

ఫ్రిజ్‌ను పడుకోబెట్టవద్దని మొత్తుకున్నా వినలేదు. అడ్డంగా పెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పోతుంది. అందుకే దించాక గంటల తరబడి ఆన్ చేయకుండా నిలబెట్టి ఉంచాల్సి వచ్చింది. కడప ఉక్కలో, చంటిపిల్ల ఉన్న ఇంట్లో!

ఆషాఢం వెళ్లి శ్రావణం రాగానే అందరూ ఒకేసారి ఇళ్లు మారతారు. ఆ రద్దీ చూసి రేటు పెంచుతారు, శ్రద్ధ మాత్రం తగ్గిస్తారు. మా అత్తగారి రుబ్బురోలును గాజుసామాను పెట్టె మీద ఎక్కించారు. బరువు కింద, తేలిక పైన. ఇది కూడా మేమే చెప్పాలా?