కోతకాల పండుగలో కౌలు లెక్క

సార్వా కోతలు అయి ధాన్యం మిల్లు చేరేసరికి అమలాపురం, నరసాపురం వైపు చర్చిల్లో కోతకాల పండుగలు మొదలవుతాయి. బలిపీఠం ముందు వరి కంకులు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోడిపుంజు. ఆరాధన కాగానే వేలం పాట. బజారులో నలభై రూపాయలు చేసే కాయ వేలల్లో పలకొచ్చు, పాడినవారు తిరిగి ఇచ్చేస్తే మళ్లీ పాటకు వస్తుంది. అది కానుక కాబట్టి ధర గురించి పేచీ లేదు. పేచీ బాకీలతోనే. మైకులో పేరు ఆ పూటే మోగుతుంది, సొమ్ము మాత్రం మరుసటి పండుగ దాకా పుస్తకంలోనే ఉండిపోతుంది. పాట కొట్టేసిన చోటే రసీదు రాస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. ఎన్నికల ఏడాదిలో గెల పాడటానికి వచ్చే నాయకుడి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆ పంట ఎవరిది? ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ప్రథమ ఫలాల గంప తెచ్చేవాడు, దేవుడు తనకిచ్చిన భూమిలో పండినవని చెప్పి గంప దించుతాడు. గోదావరి డెల్టాలో గంప తెచ్చేవాడు చాలాచోట్ల కౌలు రైతు. ఆ మాట అతని నోట ఎలా పలుకుతుంది?

ఉదాహరణకు ఎకరాకు 28 బస్తాలు (బస్తా 75 కేజీలు) పండాయనుకోండి. కౌలుకు 14 పోయాయి. దుక్కి, నాట్లు, ఎరువు, కోత మిషన్ అద్దె కలిపి 11 బస్తాల విలువ. మిగిలింది మూడు. దశమభాగం, అంటే చర్చికిచ్చే పదో వంతు, మొత్తం పంట మీద లెక్కగడితే ఆ మూడూ దాదాపు ఊడ్చుకుపోతాయి. మిగులు మీద లెక్కగడితే ఇరవై రెండున్నర కేజీలు. ఏ లెక్కో చెప్పకుండా పదో వంతు అడగడం భూమి ఉన్నవాడికి అనుకూలంగా బోధించడమే.

1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలు ఆ తర్వాత నరసాపురంలో స్థిరపడ్డాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. క్రైస్తవ సంఘాలు, కాలువలు ఒకే కాలంలో పెరిగాయి. సంఘాల్లో చేరినవారిలో ఎక్కువమంది పరాయి చేలో కూలికి వెళ్లినవారే. ఇప్పుడు వారి మనవల్లో గల్ఫ్ డబ్బుతో ఎకరమో రెండెకరాలో కొని కౌలుకిచ్చినవారున్నారు. కొన్ని చర్చిలకే మాన్యాలున్నాయి, అవీ కౌలుకే నడుస్తాయి. అసలు పరీక్ష ఇక్కడ.

ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు సీసీఆర్‌సీ కార్డు (పంట సాగుదారు హక్కు పత్రం) రావాలంటే భూ యజమాని సంతకం కావాలి. కార్డు గడువు 11 నెలలు. పంట రుణం, బీమా, నష్టపరిహారం దానితోనే దక్కుతాయి. భూమి మీద హక్కు మాత్రం రాదని చట్టం స్పష్టంగా చెబుతోంది. అయినా రేపు చేను తనదంటాడేమోనన్న భయంతో యజమానులు వెనక్కి తగ్గుతారు. ఇంకో మెలిక కూడా ఉంది. అదే సర్వే నంబరు మీద యజమాని ముందే పంట రుణం తీసుకుంటే, చేతిలో కార్డున్నా కౌలు రైతును బ్యాంకు తిప్పి పంపుతుంది. పీఎం కిసాన్ ఆరు వేలూ రికార్డులో పేరున్నవాడి ఖాతాలోనే పడతాయి.

పాటలో గెలకు పది వేలు పెట్టే పెద్ద తన కౌలు రైతు కాగితం మీద సంతకం పెట్టకపోతే, ఆ పది వేలు ఎవరి కష్టంలోంచి వచ్చాయని సంఘం అడగాలి. చేలు కోసినవాడి కూలి బిగబడితే అది మొఱ్ఱపెడుతుందని రాసిన యాకోబు పత్రికను ఆ వేలానికి ముందే చదవొచ్చు. సంతకం జూన్‌లో, కాలువకు నీళ్లొదిలే నాటికే పడాలి. ఈ-క్రాప్ నమోదు (ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునేది) దాటాక పెట్టే సంతకం పెద్దగా పనికిరాదు. మాన్యం ఉన్న చర్చి కమిటీ కౌలు పాట రోజునే సంతకం పెట్టేస్తే మిగతా యజమానులు చెప్పే సాకులు చాలావరకు తగ్గుతాయి.

ఇక పరిగె, అంటే కోత అయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకోవడం. ఈ మాట మన ఊళ్లోనూ ఉంది, రూతు గ్రంథంలోనూ ఉంది. కోత మిషన్ వచ్చాక పరిగె ఏరే ఆడవాళ్లకు చేలో పనీ పోయింది, గింజా పోయింది. కానీ మిషన్ చేను మూలల్లో తిరగలేదు. అక్కడ ముందే కొడవలితో కోసి దారి ఇవ్వాలి. లేవీయకాండం 19వ అధ్యాయం పేదలకు వదలమన్నది ఆ ఓరలనే. ఆ నాలుగు మూలలూ కోసినవారికే వదిలేస్తే ఎకరాకు ఎంత పోతుందో, పండుగ రోజు గంప దించే ముందు యజమానే తూచి చూసుకోవచ్చు.